తనకు గల బలము – తాను చేయు కాయకము

శరణబంధువులారా! మన ఇండ్లలో తరచుగా వినబడు మాట యొకటి కలదు. తల్లి తన బిడ్డను బడికి వెంటబెట్టుకొని వచ్చి, "వీనికేం రాదు సారూ!" అనును. బిడ్డ తల వంచుకొని వినును. పదిమార్లు విన్న పిమ్మట వాడును అదే మాట అనుట నేర్చుకొనును: "నాకేమియు రాదు." పెద్దయిన తరువాత ఆ మాట పైకి అనడు. అయినను లోపల అది అట్లే యుండును. పొరుగువాని పొలమును, అన్నగారి ఉద్యోగమును, బావమరిది మాటకారితనమును చూచినప్పుడెల్ల అది లేచి కూర్చుండును. ఇంటిలో ధాన్యమున్నను, ఒంటిలో ఆరోగ్యమున్నను, ఇట్టివానికి సుఖము లేదు.

ఈ దుఃఖమునకు మందు మన శరణుల చరిత్రలోనే కలదు. ఆ మందు పేరు కాయకము. దినదినము వినుచున్న మాట యగుటచే దాని లోతును మనము మరచితిమి. దానిని గురించి నాకు తెలిసినంత, నా అనుభవమునకు వచ్చినంత, విన్నవించుకొందును.

కాయకమనగా నేమి?

కాయము అనగా శరీరము. శరీరముతో, శ్రద్ధతో, సత్యముగా చేయు పని కాయకము. అయితే ప్రతి పనియు కాయకము కానేరదు. అందునకు నాలుగు లక్షణములు కావలెను. మొదటిది, అది తాను స్వయముగా చేయునది కావలెను. రెండవది, ఇతరులకు హాని లేనిదై, సత్యశుద్ధముగా నుండవలెను. మూడవది, అందులో ఎక్కువ తక్కువలు ఎంచరాదు; కొలువు చేయువాని పని గొప్పదియు, కట్టెలు కొట్టువాని పని కొంచెమును కాదు. నాలుగవది, దానివలన వచ్చిన ఫలము తన కుటుంబపు అక్కర తీరిన పిమ్మట దాసోహమునకు చేరవలెను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను అది వృత్తి మాత్రమే యగును, కాయకము కాదు.

ఈ నాలుగు లక్షణములను కలిపి చూడుడు. తాను స్వయముగా చేయవలెనన్నచో తనలో ఒక బలముండవలెను. సత్యము, సమత్వము, దాసోహము అనునవి విలువలు. కావున బలము, విలువ అను రెండును కలిసిన చోటనే కాయకము పుట్టుచున్నది. విలువ లేని బలము కట్టలేని చెరువునీరు వంటిది, ఊరును ముంచును. బలమును వినియోగింపని విలువ నీరులేని కట్ట వంటిది. చూచుటకు బాగుండును గాని పైరు పండదు. "ఆయన మంచివాడే, కాని ఎవరికిని అక్కరకు రాడు" అని కొందరిని గురించి లోకము అనుట ఇందువలననే.

పేరులోనే పని

12వ శతాబ్దిలో కల్యాణ పట్టణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణుల పేర్లను ఒకసారి స్మరింపుడు. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, నులియ చందయ్య, మేదర కేతయ్య, హడపద అప్పణ్ణ. కన్నడము తెలియని మన పిల్లలు వీనిని ఇంటిపేర్లనుకొందురు. అవి ఇంటిపేర్లు కావు, పని పేర్లు. మడివాళుడనగా చాకలి. అంబిగుడనగా పడవ నడుపువాడు. నులియ యనగా త్రాడు పేనుట. మేదరి బుట్టలల్లును. హడపమనగా తాంబూలపు సంచి. స్త్రీలలోను అట్లే. కదిరె రెమ్మవ్వ కదురుతో నూలు వడికెడిది. కొట్టణద సోమవ్వ వడ్లు దంచెడిది. సత్యక్క వాకిళ్ళు ఊడ్చెడిది.

లోకము ఏ పనిని చూచి వారిని దూరముగా నిలిపెనో, ఆ పనినే వారు పేరునకు ముందు బిరుదము వలె ధరించిరి. ఎవరును తమ పనిని దాచుకొనలేదు. చౌడయ్య మాట కటువైనది. ఆయన దానిని మెత్తబరచి మరియొకరి వలె పలుక జూడలేదు. ఆ కటుత్వమునే కపటమును ఖండించుటకు వినియోగించెను. అక్కమహాదేవి భక్తి ప్రేమరూపమైనది; ఆమె చౌడయ్య వలె పలుక బోలేదు. వచనముల చివర వారు వేసిన అంకితములను చూడుడు. బసవేశ్వరునికి కూడలసంగమదేవుడు, అక్కకు చెన్నమల్లికార్జునుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, జేడర దాసిమయ్యకు రామనాథుడు. పరమశివుడు ఒక్కడే. అయినను ఎవరికి వారు తమ హృదయమునకు తెలిసిన పేరుతో ఆయనను పిలిచిరి. ఒకరి భక్తిని మరియొకరు అరువు తెచ్చుకొనలేదు. అరువు తెచ్చుకొన్న నగ పెండ్లినాడు మెరయును. మరునాడు తిరిగి ఇయ్యవలసినదే గదా!

ఇచట ఒక అపోహను తొలగించుట అవసరము. "పుట్టుకతో వచ్చిన పనిని అంటిపెట్టుకొని యుండుమని బసవేశ్వరుడు చెప్పెను" అని కొందరనుకొందురు. అది పొరపాటు. కట్టెలమ్మి బ్రతికిన మోళిగె మారయ్య పూర్వము కాశ్మీర దేశపు రాజని సంప్రదాయము. అల్లమప్రభువు మద్దెల వాయించినవాడని హరిహర కవి వర్ణించెను. బ్రాహ్మణ గృహమున పుట్టిన బసవేశ్వరుడు లెక్కలు వ్రాయు కరణికుడై, పిదప బిజ్జలుని భండారమునకు అధికారి యయ్యెను. పుట్టుక పనిని నిర్ణయింపదు. తనలోని శక్తియు, లోకములోని అక్కరయు కలిసి నిర్ణయించును. శరణుల సంఘములో కులము కరగిపోయినది ఇందువలననే.

బసవేశ్వరుని బలమెట్టిది? ఆయన భక్తిని గురించి చెప్పనివారు లేరు. కాని ఆయన లెక్కలలో దిట్ట యనుట మనము మరతుము. భండారపు ధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలునితో చెప్పిరి. రాజు లెక్క చూపుమనెను. చూడగా ఒక్క మాడయు తగ్గలేదని బసవపురాణ కథ. దీనిని మహిమగా చెప్పుకొనుట భక్తుల సంప్రదాయము. నేను ఉపాధ్యాయుడను, ఇందులో మరియొక పాఠము కూడ కలదని నా విశ్వాసము. లెక్క వ్రాయు నేర్పు చాలమందికి కలదు. ఆ నేర్పుతో దొంగలెక్క వ్రాయువాడును కలడు. బసవేశ్వరుడు ఆ నేర్పునకు సత్యమను విలువను జోడించెను. అందుచేత అర్ధరాత్రి తనిఖీకి వచ్చినను ఆయనకు భయము లేదు. నిర్భయమైన నిద్రకు మించిన సుఖమెక్కడిది?

లక్కమ్మ కొలత

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మీ ఇండ్లలో అందరికి తెలిసినదే. అయినను మరల చెప్పుకొందము. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. కల్యాణమున బసవేశ్వరుని మహామనె యెదుట రాలిన గింజలను మారయ్య ఏరి తెచ్చును. లక్కమ్మ వండి జంగములకు పెట్టిన పిదప దంపతులు ప్రసాదము స్వీకరింతురు. ఒకనాడు మారయ్య శరణుల అనుభవగోష్ఠిలో మునిగి కాలము మరచెను. లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినదని గుర్తు చేసెను. ఆయన పరుగున పోయి గింజలు ఏరి తెచ్చెను. ఆనాడు నిత్యము కన్న ఎక్కువ బియ్యము వచ్చినది. ఈ బీద దంపతులకు సాయపడవలెనని బసవేశ్వరుడే ఎక్కువ గింజలు చల్లించెనందురు. లక్కమ్మ ఆ బియ్యమును చూచి సంతోషింపలేదు. మన అక్కరకు మించినది ఆశ యగునని పలికి, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. మారయ్య అట్లే చేసెను.

ఈ కథలో లక్కమ్మ రెండు పనులు చేసినది. భర్త తన బలమును మరచి కూర్చున్నప్పుడు "లెమ్ము" అనెను. ఆ బలము మితి మీరినప్పుడు "చాలు" అనెను. ఈ రెండు మాటలును చెప్పగలవారు ఇంటిలో ఒక్కరున్న చాలును, ఆ ఇల్లు కల్యాణమే. మనలో మొదటి మాట చెప్పువారు పెక్కుమంది కలరు. "లెమ్ము, సంపాదింపుము, పైకి రమ్ము" అని ఊరంతయు చెప్పును. రెండవ మాట చెప్పువారు అరుదు.

ఈ రెండు మాటల విలువ నాకు గ్రంథములు చదివినంత మాత్రమున తెలియలేదు. నా గొంతు పోయిన పిదప తెలిసినది.

నా గొంతు కథ

నేను తెలుగు పండిత శిక్షణ పొంది ముప్పది సంవత్సరములుగా బడిలో తెలుగు చెప్పుచున్నవాడను. మా ఊరు కర్ణాటకమునకు సరిహద్దున గలదు. నాకు శాస్త్రపాండిత్యము గొప్పగా లేకపోయినను, గొంతు ఉండెడిది. పద్యమును రాగయుక్తముగా చదివినచో పక్క తరగతి పిల్లలు కూడ కిటికీ వద్ద నిలిచెడివారు. వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతికి చుట్టుపట్ల ఊళ్ళవారు నన్ను ఉపన్యాసమునకు పిలిచెడివారు. నా బలము నా గొంతే యని నేను నమ్మితిని. నిజము చెప్పవలెనన్న, దానిని చూచి గర్వించితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట నా స్వరతంత్రులపై కాయ కట్టినది. వైద్యులు దానిని తొలగించి, కొంతకాలము మాటాడవద్దనిరి. తిరిగి మాట వచ్చినది గాని, అది బొంగురు మాట. పద్యము ఎత్తికొన్నచో రెండవ పాదమునకే గొంతు పట్టివేయును. ఆ ఏడు బసవజయంతికి నేను మఠమునకు పోలేదు. జ్వరమని కబురు పంపితిని. అది అబద్ధము. ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజ చేయుచున్నను మనస్సు నిలిచెడిది కాదు. ఇక నేనెందులకు పనికివత్తును? ఇదే ఆలోచన. "వీనికేం రాదు సారూ" అను మాట ఎంత బరువైనదో అప్పుడు తెలిసినది.

నా భార్య పెద్దగా చదువుకొన్నది కాదు. నెల దినములు నన్ను చూచి చూచి, ఒకనాటి సాయంకాలము ఆమె ఇట్లనినది: "గొంతు పోయింది గాని చెవులు పోలేదు కదండీ! ముప్పై ఏండ్లు మీరు చెప్తే పిల్లలు విన్నరు. ఇప్పుడు వాళ్ళు చెప్తే మీరు వినుండ్రి."

మరునాటినుండి తరగతిలో నేను చదువుట మాని పిల్లలచేత చదివించితిని. ఒక్కొక్కరిని దగ్గరకు పిలిచి వినుట మొదలిడితిని. ఆరవ తరగతిలో ఒక పిల్లవాడు కలడు. వాని తల్లియే నాతో "వీనికేం రాదు సారూ" అన్నది. వాడు పాలు అనుటకు హాలు అని వ్రాయును. పులికి హులి అని వ్రాయును. అంతకుమునుపు వాని పుస్తకములో ఎర్రసిరాతో ఎన్ని గీతలు గీచితినో లెక్క లేదు. ఇప్పుడు వాడు చదువుచుండగా విని నేను నివ్వెరపోతిని. ఆ మాటలు తప్పులు కావు. అవి కన్నడ మాటలు. వాని ఇంటిలో కన్నడము మాటాడుదురు. తెలుగున పకారమున్న అనేక మాటలకు నేటి కన్నడమున హకారముండును. ప్రాచీన కన్నడమున అవియును పకారముతోనే యుండెడివి. బిడ్డడు తన తల్లి చెప్పినది వ్రాయుచుండగా నేను దానిపై ఎర్రగీత గీచితిని.

శరణబంధువులారా! ఇది నాకు ముందుగా తెలియవలసినది. ఏలననగా మా ఇంటిలోను కన్నడమే. శిక్షణ కళాశాలలో నేను ఒకసారి నోరుజారి హకారము పలుకగా తోటివారు నవ్విరి. ఆనాటినుండి కన్నడమును నా నాలుకమీదికి రానీయలేదు. మా అమ్మ కడపటి దినములలో మంచముపై నుండి కన్నడములో మాటాడుచుండగా, వచ్చిన చుట్టాల యెదుట నేను తెలుగులోనే బదులు చెప్పితిని. ఆమె ఏమియు అనలేదు. ఆ సంగతి నేటికిని నా మనస్సులో ముల్లువలె నున్నది. ఏది నా లోపమని సిగ్గుపడి దాచుకొంటినో, అదియే ఈ పిల్లవానికి అక్కరయైన బలము.

ఒక కాగితమును రెండుగా మడిచి ఒకవైపు హాలు, హులి, హువ్వు, హల్లు అనియు, రెండవవైపు పాలు, పులి, పువ్వు, పల్లు అనియు వ్రాసి వానికి చూపితిని. కన్నడములోనే వివరించితిని. వాడు కొంతసేపు చూచి, కన్నులు పెద్దవి చేసి, "అయితే సార్, మా హళ్ళి అంటే మీ పల్లెనా?" అనెను. నేను చెప్పని మాటను వాడే కనుగొనెను! ఏమియు రాదనిపించుకొన్న పిల్లవాడు రెండు భాషల నడుమ నున్న ద్వారమును తానే తీసెను. వాడు తరగతిలో మొదటివాడు కాలేదు; అట్టి కల్పన నేను చేయను. ఆ సంవత్సరాంతమునకు పాఠమును తడబడక చదువగలిగెను. వాని తల్లి వచ్చినప్పుడు ఆమెతో కన్నడములోనే మాటాడితిని. నా లోపలి దిగులు ఏ దినమున తొలగిపోయినదో నాకే తెలియలేదు.

కథ ఇంతటితో ముగిసిన బాగుండెడిది. కాని మనుష్యుడు మారయ్య యంతటివాడు కాడు. మరికొందరు పిల్లలు వచ్చిరి. నలుగురు మెచ్చుకొనిరి. నాకు మరల గర్వము మొలచెను. సాయంకాలము మా అరుగుపై పదిమందితో మొదలిడినది నలువదిమంది యయ్యెను. చీకటిపడువరకు కూర్చుండబెట్టితిని. ఒకనాడు అలసటతో, ఒక చిన్నపిల్ల తడబడినందుకు చేయెత్తితిని. నా భార్య లోపలినుండి వచ్చి, పిల్లలందరికి తలా కొంచెము అటుకులు పెట్టి ఇండ్లకు పంపి, నాతో, "ఇగ చాలండీ. పిల్లలు ఆకలితో ఉన్నరు, మీరు కోపంతో ఉన్నరు. గిట్లయితే ఇది సేవ ఎట్లయితది?" అనెను. నేను తల వంచుకొంటిని. మరునాటినుండి పన్నెండుమందికి మించి కూర్చుండబెట్టుట మానితిని. మిగిలినవారిని, చక్కగా చదువగల పై తరగతి పిల్లలకు అప్పగించితిని. వారును వినుట నేర్చిరి.

లక్కమ్మ చెప్పిన రెండు మాటలును ఈ విధముగా నా ఇంటిలోనే వింటిని.

తన భాషయే తన బలము

తన ఇంటి మాటను చూచి సిగ్గుపడిన నాకు మన పాల్కురికి సోమనాథుని చరిత్ర గొప్ప ఓదార్పు. ఆయన సంస్కృతము తెలియనివాడు కాడు. బహుభాషా కోవిదుడు. అయినను బసవేశ్వరుని కథను చెప్పదలచినప్పుడు ఆనాటి పండితులు మెచ్చు చంపూమార్గమును వదలి, జనులు పాడుకొను ద్విపదను చేపట్టెను. జాను తెనుగు ఆయన యాయుధము. పల్లెలలో రోకటివద్ద, తిరుగలివద్ద పాడుకొను పాటల సంగతులును ఆయన గ్రంథములలో చోటు చేసికొన్నవి. తనకు గల భాషాబలమును, సామాన్యునికి శివభక్తి అందవలెనను విలువను జోడించుటచే బసవపురాణము పుట్టినది. దానిని భీమకవి 1369వ సంవత్సరమున కన్నడమునకు తెచ్చెను. కన్నడదేశపు శరణుల కథ తెలుగున కావ్యమై, తిరిగి కన్నడమునకు పోయినది. హాలు, పాలు ఒకటియే యని దీనికన్న గొప్పగా ఎవరు చెప్పగలరు?

మన కాలమునకు దగ్గరలో మరి ఇద్దరు మహనీయులను స్మరింతము. ఫ. గు. హళకట్టిగారు (1880–1964) బిజాపురమున న్యాయవాది. ఆధారములు సేకరించుట, పత్రములు సరిచూచుట న్యాయవాదికి అలవాటైన పని. ఆ అలవాటునే ఆయన వచనముల సేవకు మళ్ళించిరి. ఇల్లిల్లు తిరిగి తాళపత్రములు సంపాదించి, పాఠములు పోల్చి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించిరి. 1926లో శివానుభవమను పత్రికను ఆరంభించిరి. ముద్రణాలయము కొరకు సొంత ఇంటిని కూడ అమ్ముకొన్నారు. అటకలపై చెదలు తినుచున్న శరణుల పలుకులు నేడు మన చేతికి వచ్చుటలో ఆయన కాయకపు భాగము గొప్పది.

తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శివకుమార మహాస్వాములవారు (1907–2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును కులమత భేదము లేక వేలాది పిల్లలకు నడిపిరి. వారి దీర్ఘాయుష్యమును చూచి లోకము ఆశ్చర్యపడినది. వారు ఆయుష్యము కొరకు దాసోహము చేయలేదు. తెల్లవారుజామున లేచి పూజ ముగించి పిల్లల కొరకు నిలుచుటలోనే వారి తృప్తి యంతయు నుండెను.

క్షేమమనగా సౌఖ్యము కాదు

తనలోని సద్గుణమును గుర్తించి దినచర్యలో వాడుకొన్నవానికి మనశ్శాంతి కలుగునని నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. 2004వ సంవత్సరమున అమెరికా దేశమున క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ అను పండితులు మానవుల సద్గుణములను 24గా లెక్కించి, 6 శీలముల క్రింద వర్గీకరించి గ్రంథము ప్రకటించిరి. దయ, ధైర్యము, విద్యాసక్తి, కృతజ్ఞత మొదలగునవి అందులో కలవు. ఇది మంచి ప్రయత్నమే. అయితే మన శరణులు మరియొక మెట్టు చూపిరి. బలము నాది కాదు, శివుని సొత్తు; నేను దాని భండారిని మాత్రమే యనిరి. నాది యన్నచో అది పోయిననాడు నేను కూలుదును, నా గొంతు పోయిన దినముల వలె. శివుని సొత్తన్నచో ఒక ద్వారము మూసిన ఆయన మరియొకటి చూపును.

క్షేమమనగా కష్టము లేకుండుట యని భ్రమపడరాదు. హరళయ్య కుమారునికి మధువరసుని కుమార్తెనిచ్చి వివాహము చేసినప్పుడు శరణులు తమ విలువను నిలుపుకొనిరి. దానికి హరళయ్యయు మధువరసుడును ప్రాణములతో మూల్యము చెల్లించిరి. కల్యాణము అల్లకల్లోలమైనది. వచనముల కట్టలతో శరణులు చెదరిపోవుచుండగా, బట్టలుతికిన చేతులతో మాచయ్య వెనుక నిలిచి వారిని కాపాడెనని సంప్రదాయము. వారికి సౌఖ్యము దక్కలేదు. కాని "నా జన్మ వ్యర్థము" అని వారిలో ఒక్కరైనను అనుకొని యుందురా?

ఇంటిలోను, మఠములోను

ఇంక ఆచరణ. వినుటకు బాగుండిన ఉపన్యాసము వాకిలి దాటకముందే మరపునకు వచ్చును. కావున మూడు చిన్న పనులు మనవి చేయుచున్నాను.

మొదటిది, ప్రాతఃకాల లింగపూజానంతరము ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగవలెను. నాకు ఆయాసము లేక వచ్చు పని ఏది? నేడు దాని అక్కర ఎవరికి కలదు? ఎంతవరకు చేసి ఆపవలెను? మొదటి ప్రశ్న బలమును చూపును. రెండవది దాసోహమును చూపును. మూడవది లక్కమ్మ కొలత. సమాధానము పెద్దది కానక్కరలేదు. రోగికి గంజి చక్కగా కాచి ఇచ్చుట బలమే. కోపముతో నున్న ఇద్దరి నడుమ మెల్లగా మాటాడగలుగుట బలమే. విసుగు లేక వృద్ధుల మాటలు వినుటయు బలమే.

రెండవది, తలిదండ్రులు బిడ్డల యెదుట "వీనికేమియు రాదు" అను మాటను మానవలెను. దానికి బదులు నెలకొకసారి బిడ్డను చూచి, "ఈ నెల నీవు చేసిన ఈ పని నాకు నచ్చినది" అని ఒక్క నిజమైన సంగతి చెప్పవలెను. పొగడ్త అక్కరలేదు, చూచి చెప్పవలెను. చూడనిదే చెప్పలేము గనుక, ఈ నియమము మొదట తలిదండ్రులకే మేలు చేయును. తమకు లేదని సిగ్గుపడు దానిలోనే బిడ్డలకు బలముండవచ్చును. ఇంటిలో కన్నడమున్న కన్నడమును, లంబాడీ యున్న లంబాడీని బిడ్డ నోటనుండి తుడిచివేయకుడు.

మూడవది మఠములవారికి విన్నపము. జాతరకు, జయంతికి మనము ఇంటింటి చందా పట్టీ వ్రాయుదుము. దానితోపాటు కాయకపు పట్టీ యొకటి వ్రాయింపుడు. ఏ ఇంటివారు ఏ నేర్పును ఎన్ని గంటలు ఇయ్యగలరో అందులో వ్రాయవలెను. లెక్కలు తెలిసినవారు మఠపు లెక్కలు చూతురు. కుట్టుపని తెలిసినవారు బీదపిల్లల బట్టలు కుట్టుదురు. దాదులు వృద్ధులను పరీక్షింతురు. పాడగలవారు పాడుదురు. ధనమియ్యలేక వెనుక వరుసలో నిలుచు బీద భక్తుడు ఆ పట్టీలో ముందు వరుసకు వచ్చును. ఆయ్దక్కి మారయ్య మన ఊరికి వచ్చినచో చందా పట్టీలో ఆయన పేరు ఎక్కడ నుండునో ఆలోచింపుడు. కాయకపు పట్టీలో ఎక్కడ నుండునో కూడ ఆలోచింపుడు.

గత సంవత్సరము బసవజయంతికి నేను మరల మఠమునకు పోతిని. పద్యము పాడలేదు. బొంగురు గొంతుతో ఈ సంగతులే కొన్ని చెప్పి కూర్చుంటిని. నా తరువాత ఒక పిల్లవాడు లేచి, మొదట కన్నడములో, పిదప తెలుగులో, బసవేశ్వరుని కథను తడబడక చెప్పెను. సభలో వెనుక కూర్చున్న వాని తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనుచుండెను. మా అమ్మ ఉండిన ఆ పిల్లవాని కన్నడము విని ఎంత సంతోషించెడిదో! ఆమెకు ఇయ్యవలసిన బదులు నేను ఈ పిల్లలకు ఇచ్చుకొనుచున్నాను.

అందరిలోను శివుడు ఏదో ఒక గింజ చల్లియున్నాడు. దానిని వంగి ఏరుకొనుట మన వంతు. వండి పదిమందికి పెట్టుటయు మన వంతు. ఎక్కువైనచో తిరిగి పోసి వచ్చు ధైర్యమును బసవేశ్వరుడు మనకు అనుగ్రహించుగాక.